పాత కోటు – కొత్త వేషము

వస్త్రము మానవునకు మూడు విధములుగా ఉపకరించును. ఎండవానల నుండి, చలిగాలి నుండి దేహమును కాపాడుట మొదటిది. మానసంరక్షణము రెండవది. ధరించినవాడు ఏ సీమవాడో, ఏ వృత్తివాడో లోకమునకు తెలియజేయుట మూడవది. మొదటి రెండు ప్రయోజనముల విషయమున వాదములకు చోటు తక్కువ. ధర్మసందేహములన్నియు మూడవదానియందే పుట్టుచున్నవి. ఏలయన వస్త్రము నోరులేనిదయ్యును మాట్లాడును. మాట్లాడునది నిజము చెప్పగలదు, అబద్ధమును చెప్పగలదు. ఒకరు చేతితో కుట్టిన వస్త్రమును వేరొకరు విప్పి, కత్తిరించి, గతించిన కాలపు వేషముగా మార్చునపుడు ఈ సందేహము రెండింతలగును. కుట్టినవారి యెడల ఋణమొకటి, ఆ వేషము ఎవరిదో వారి యెడల ఋణమొకటి. ఈ రెండును ఒక్కమారుగా ఎదుటికి వచ్చి నిలుచును.

ఇది ఊహామాత్రమైన ప్రశ్న కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, కెనడాలోను కొందరు గృహస్థులు అప్పుడప్పుడు పట్టణములు విడిచి, పచ్చికబయళ్లలో గుడారములు వేసికొని, పూర్వకాలపు వేటగాండ్రవలె దుస్తులు ధరించి, చెకుముకి రాతితో నిప్పు చేసికొని కొన్ని దినములు గడుపుచుందురు. 1825 మొదలు 1840 వరకు రాకీ పర్వత ప్రాంతమున బీవర్ అను నీటిజంతువు తోళ్లకై తిరిగిన వేటగాండ్రు ఏడాదికొకమారు ఒకచోట చేరి, తోళ్లనిచ్చి తుపాకిమందును, కంబళ్లను, కాఫీని, చక్కెరను తీసికొనెడివారు. నేటివారు జరుపుకొనునది ఆ సంతకు అనుకరణము. అనేక శిబిరములలో 1840వ సంవత్సరమునకు తరువాతి వస్తువేదియు కంటబడరాదను నియమము కలదు. అందుచేత పాల్గొనువారిలో పలువురు తమ దుస్తులను తామే కుట్టుకొందురు. మంచి ఉన్నిబట్ట వెల హెచ్చు గనుక పాత కోట్లను, పాత కంబళ్లను వెదకి, వానిని సరిహద్దు సీమ వేషములుగా మార్చుకొనువారును కలరు.

అట్టి ఒక ఇంటిని ఉదాహరణమునకై ఊహింపవచ్చును. అటుకమీది పెట్టెలో ఒక దళసరి ఉన్నికోటు కలదు. 1940వ దశకపు యుద్ధదినములలో ఆ ఇంటి అమ్మమ్మ తన చేతితో కుట్టుకొన్నది. మోచేతుల వద్ద పురుగు కొట్టినది, అస్తరు చినిగినది. ఆమె గతించి ఏండ్లు గడచినవి. మనుమడు దానిని చూచి, కాలరు తీసి తలముసుగు చేర్చి, గుండీలు తొలగించి నడికట్టు కట్టి, అంచులను కుచ్చులుగా కత్తిరించినచో చక్కని వేటగాని కోటగునని ముచ్చటపడెను. తల్లి సమ్మతింపలేదు. "అది మా అమ్మ చేతిపని. రాత్రివేళ దీపము దగ్గర కూర్చుండి ఆమె కుట్టుచుండగా చూచినదానను. నీ ఆటకొరకు దానిమీద కత్తెర పెట్టనీయను" అని పలికెను. "పెట్టెలో నుంచినచో పురుగు తినును గదా అమ్మా! పురుగు తినుటకంటె నేను తొడుగుకొనుట మేలు కాదా?" అని కుమారుడు అడిగెను. ఇరువురి మాటలోను న్యాయము కలదు. కావుననే ఇది ధర్మవిచారమునకు తగిన విషయమైనది.

మొదట మనుమడు కోరిన వేషమెట్టిదో తెలిసికొనవలెను. దానిని కపోట్ అందురు. అది ఫ్రెంచి మాట. తలముసుగు గల కంబళికోటు అని భావము. కెనడా నదులలో వర్తకుల పడవలు నడిపిన ఫ్రెంచివారును, ఆదిమజాతుల స్త్రీలకును ఐరోపా పురుషులకును కలిగిన సంతతియగు మేటీ ప్రజలును, పెక్కు ఆదిమజాతులవారును దీనిని ధరించిరి. 1670లో ఇంగ్లండు రాజశాసనముతో ఏర్పడిన హడ్సన్స్ బే కంపెనీ 1780 ప్రాంతము నుండి గీతల కంబళ్లను ఆ సీమకు పంపసాగెను. ఇంగ్లండులోని విట్నీ పట్టణపు మగ్గములు ఈ కంబళ్లకు పేరొందినవి. అంచున నేసిన పొట్టిగీతలు కంబళి పరిమాణమును తెలుపును. ఎన్ని గీతలో అన్ని బీవర్ తోళ్లు వెలయను మాట లోకమున వ్యాపించియున్నను అది నిజము కాదు. ఉన్నిని నీటిలో తొక్కించి దట్టపరచుటచేత కత్తిరించిన అంచు పోగులు విడదు. అంచు మడచి కుట్టనక్కరలేదు. తిన్నని కోతలతో, వ్యర్థము మిక్కిలి తక్కువగా, ఒక కంబళి నుండి ఒక కోటు తయారగును. ముందు భాగమును ఒకదానిపై నొకటి కప్పి నడికట్టుతో బిగించుకొందురు.

ఇందుండి ఒక సంగతి తేటపడుచున్నది. సరిహద్దు సీమ దుస్తు పుట్టుకయే ఒక రూపాంతరము. కప్పుకొని నిదురించు కంబళి కోటైనది. కోటు పాతబడగా కాలిపట్టీలైనది, చేతితొడుగైనది, తుదకు చెప్పులలోని మెత్తయైనది. వలస వచ్చినవారు జింకతోలు మొకాసిన్ చెప్పులను, కాలితొడుగులను ఆదిమజాతులను చూచి నేర్చుకొనిరి. ఆదిమజాతులవారు ఐరోపా ఉన్నిని, పూసలను, సూదిని తమ అలంకారములలో కలుపుకొనిరి. ఆ సీమలో ఏ వస్తువును తొలిరూపమున నిలిచిపోవుటకు పుట్టలేదు. కావున పాతదానిని కత్తిరించుట ఆ సంప్రదాయమునకు విరుద్ధమనుటకు వీలులేదు. ఇంతవరకు వాదము కుమారుని పక్షముననే యున్నది.

అయినను రూపము మారిన వస్తువు ఆ వస్తువేనా యను ప్రశ్న మిగులుచున్నది. ప్లూటార్క్ అను గ్రీకు రచయిత థీసియస్ చరిత్రమున ఒక ఓడను గూర్చి చెప్పెను. ఏథెన్సు ప్రజలు దానిని భద్రపరచుచు, పుచ్చిన పలకను తీసి కొత్త పలకను వేయుచు వచ్చిరి. అది పాత ఓడయే యని కొందరు తత్త్వవేత్తలు, కాదని కొందరు వాదించిరట. మన దేశమున మిలిందపన్హ యను పాళీగ్రంథమున నాగసేన భిక్షువు మిళింద రాజును, రథమనగా చక్రమా, ఇరుసా, నొగలా యని ప్రశ్నించెను. ఓడయందు ద్రవ్యము మారి రూపము నిలిచినది. కోటు సంగతి దానికి విలోమము. ఇచట ద్రవ్యము నిలిచి రూపము మారుచున్నది. అరిస్టాటిల్ ప్రతి వస్తువునకును నాలుగు కారణములు చెప్పెను: ద్రవ్యము, రూపము, కర్త, ప్రయోజనము. ఈ కోటునందు ద్రవ్యము అదే ఉన్ని. రూపము వేరు. ప్రయోజనము వేరు, చలి కాచుటకు కుట్టినది వేడుకకై ధరింపబడనున్నది. కర్త యొకరుండుటకు మారుగా ఇరువురగుచున్నారు. నాలుగింటిలో ఒకటి నిలిచినది, రెండు మారినవి, ఒకటి పంచుకొనబడినది. అందుచేత అదియే కోటనుటయు చెల్లదు, కాదనుటయు చెల్లదు. విచారింపవలసినది కర్తృత్వమును గూర్చియే. రెండవ కర్త మొదటి కర్తతో పాలు పంచుకొనుచున్నాడా, లేక ఆమెను తుడిచివేయుచున్నాడా?

చేతిపనికి శరణుల మార్గమున గల గౌరవము ఇచట స్మరింపదగినది. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు తమ తమ వృత్తులను కూలికొరకు మాత్రమే గాక పూజగా ఆచరించిరి, దానినే కాయకమనిరి. మడివాలు మాచయ్య శరణుల వస్త్రములు ఉదుకుటయే తన కాయకముగా గైకొనెను. కాయకమునకు తోడుగా దాసోహమను మాట ఉన్నది. పని పూజయైనచో దాని ఫలము ప్రసాదము. ప్రసాదము పంచుటకే గాని పెట్టెలో దాచుటకు గాదు. ఈ దృష్టితో చూచినచో ఎవరికిని అక్కరకు రాని కోటు కుట్టిన చేతికి నిజమైన గౌరవము కాదు. తెలుగు ఇండ్లలో అవ్వల పాతచీరలు పొరలుగా పరచి కుట్టగా బొంతయగును. చంటిబిడ్డ దానిపై నిదురించును. అది అవ్వకు అవమానమని ఎవ్వరును తలంపరు. కాని దీనికి మరియొక ముఖము కలదు. ఒకరి కాయకమును ఆలోచన లేక పాడుచేయుట ఆ పూజను తిరస్కరించుటయే. చీర బొంతయగునపుడు వెచ్చదనము ఇంకొకరికి అందుచున్నది. కోటు వేషమగునపుడు అందునదేమి? తల్లి మనసులోని బాధ ఇదియే.

తల్లికి తోడుగా వస్తుప్రదర్శనశాలల అనుభవమును నిలుచును. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాలో కుట్టిన పట్టు గౌనులు పెక్కింటిని పంతొమ్మిదవ శతాబ్దపు యువతులు వేషవినోదములకై విప్పి, తమ కొలతలకు కత్తిరించుకొనిరి. నేటి పండితులు వాని పాత సూదిరంధ్రములను పరిశీలించి తొలిరూపము నెట్లో ఊహించుచున్నారు. కాని కోసి పారవేసిన ముక్కను ఏ పాండిత్యమును తిరిగి తేలేదు. అందుచేతనే పాతవస్తువులను బాగుచేయువారు ఒక నియమమును పాటింప యత్నింతురు. చేసిన మార్పు వీలయినంతవరకు మరల తీసివేయదగినదై యుండవలెను. విప్పిన కుట్టు మరల పడును. తెగిన బట్ట మరల తెగనిది కాదు. ఇది దర్జీకి తెలిసిన మాటయే, ధర్మమునకును పనికివచ్చు మాట.

ఈ వాదము ఇట్లు నడచుచుండగా, తల్లి ఒక మెట్టు దిగి, చినిగిన అస్తరును మాత్రము సరిచేయుటకు ఒప్పుకొన్నదనుకొందురు గాక. అస్తరు విప్పగానే ఒక వింత కంటబడును. సాధారణముగా పాత కోటు బయట వెలిసి లోపల కొత్తగా నుండును. ఇచట లోపలి ముఖము వెలిసియున్నది. బయటి ముఖమే నిగనిగలాడుచున్నది. రొమ్మున కుడివైపు ఒక జేబుకోతను నేర్పుతో మూసిన గుర్తు కలదు. పురుషుల కోటునకు పై జేబు ఎడమవైపున నుండును. బట్టను తిరుగవేసి కుట్టినచో అది కుడివైపునకు వచ్చును. కుట్ల ప్రక్కన మరియొక వరుస సూదిరంధ్రములు, ఇప్పటి కొలతకు సంబంధింపనివి, కానవచ్చును. అమ్మమ్మ తన భర్త పాత కోటును పూర్తిగా విప్పి, వెలిసిన ముఖమును లోపలికి తిప్పి, తన కొలతకు కత్తిరించి కుట్టుకొన్నదన్నమాట. ఆ కాలమున ఇది అపూర్వము కాదు. బ్రిటనులో 1941 జూన్ 1 నుండి బట్టలకు రేషను విధింపబడెను. ఉన్న బట్టతోనే సరిపెట్టుకొని బాగుచేసికొమ్మని బోధించు పుస్తకమును 1943లో ప్రభుత్వమే ప్రకటించెను. బట్టను తిరుగవేయుట దర్జీలకు అంతకు పూర్వమే అలవాటైన విద్య.

ఇప్పుడు తల్లి ఏమనగలదు? తన తల్లి చేతిపని యని తాను కాపాడినది, తన తండ్రి కోటుపై కత్తెర పడుటచేతనే పుట్టినది. కత్తెర పాపమనినచో ఆ పాపము ఆ దీపము దగ్గరనే జరిగినది. అట్లని కుమారుడు గెలిచెనని తలంపరాదు. అమ్మమ్మ చలికి కత్తిరించినది. మనుమడు సరదాకు కత్తిరింపగోరుచున్నాడు. ఆమె ఒక్క గుడ్డముక్కను వ్యర్థపరచలేదు. మూసిన జేబుకోతనుగూడ పోగు కలిపి నేర్పుతో కుట్టినది. ప్రశ్న ఇప్పుడు మారినది. కోయవచ్చునా యనునది గాదు. ఎందులకు, ఎంత శ్రద్ధతో యనునదియే ప్రశ్న.

ఎందులకు అనగా వేషమును గూర్చి ఆలోచింపవలెను. సరిహద్దు సీమ యను మాటయే ఒక పక్షపు మాట. 1893లో చికాగో నగరమున చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్, అమెరికనుల స్వభావమును తీర్చినది ఈ సరిహద్దేయని ప్రసంగించెను. అదే సంవత్సరమున అదే నగరమున బఫెలో బిల్ అను కోడీ తన ప్రదర్శనమున గుఱ్ఱములు, తుపాకులు, ఆదిమజాతి వీరులతో ఆ సీమనే వేడుకగా చూపుచుండెను. వలస వచ్చినవారికి సరిహద్దైన ఆ నేల, ఆదిమజాతులకు తాతలనాటి ఇల్లు. ఒకరి సాహసకథ మరియొకరి ఇంటి నష్టము.

ఆ కోడీ జీవితముననే వేషమునకును నిజమునకును గల ప్రమాదకరమైన చుట్టరికము కనిపించును. 1876 జూలై 17న వార్‌బొనెట్ వాగు వద్ద సైన్యమునకు దారిచూపరిగా పోరాడునపుడు అతడు ధరించినది రంగస్థలపు దుస్తు. ఎఱ్ఱ అంచులు, వెండి గుండీలు గల నల్లని మఖమలు. ఆ దుస్తులోనే ఒక షయాన్ వీరుని చంపి అతని తలచర్మమును ఒలిచెను. ఆ ఏడే ఆ కృత్యమును నాటకముగా ఆడెను. వేషము యుద్ధమునకు పోయినది. యుద్ధము వేషమై తిరిగివచ్చినది. నడుమ చనిపోయినవాడు మాత్రము నిజముగా చనిపోయెను.

మరియొక వస్త్రము కథయు కలదు. 1890లో లకోటా ప్రజలు తుపాకిగుండ్లు తాకవను నమ్మకముతో పవిత్రమైన అంగీలు ధరించిరి. ఆ డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద స్త్రీలు, బిడ్డలు సహా పెక్కుమంది సైన్యము చేత హతులైరి. అచటిదని చెప్పబడిన ఒక అంగీ కోడీ ప్రదర్శనపు దుబాసీ ద్వారా 1892లో స్కాట్లండులోని గ్లాస్గో మ్యూజియమునకు చేరెను. నూరేండ్లకు పైగా అది చూపరులకు ఒక వింతవస్తువు. లకోటావారికి అది తాతల దేహముపైని వస్త్రము. వారు కోరగా, నగరమువారు విచారించి 1999లో దానిని తిరిగి ఇచ్చిరి. గ్లాస్గో నగరమునకు తరిగినదేమియు లేదు, పెరిగినది గౌరవమే.

కావున మనుమడు తెలిసికొనవలసిన హద్దు ఇది. కంబళికోటు పలుజాతులవారు వర్తకమున పంచుకొని ధరించిన దుస్తు. దానిని ధరించుట ఎవరి పవిత్రతను భంగపరచదు. ఈకల కిరీటము, యుద్ధచిహ్నము, పూజాంగీ అట్టివి కావు. అవి సంపాదించుకొన్నవారివి, దీక్షపొందినవారివి. అర్హత లేక విభూతి పూసి భిక్షకు పోవువానిని చూచి శరణులకు కలుగు నొప్పి ఎట్టిదో, అవి వేడుకగా ధరింపబడునపుడు ఆ జాతులకు కలుగు నొప్పియు అట్టిదే.

అట్లయిన వేషమంతయు అబద్ధమేనా? కాదు. పగటివేషగాడు వీధిలోనికి వచ్చునపుడు అతడు రాజు కాడని పిల్లవానికిని తెలియును. మోసగింపబూనని వేషము కళ, మోసగింపబూనినది దొంగతనము. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున దొంగలు భక్తవేషము వేసికొని, లింగములకు మారుగా వంకాయలు కట్టుకొని వచ్చిన కథ ఉన్నది. బసవన్న వారిని నిజభక్తులుగానే ఆదరింపగా వంకాయలు లింగములైనవట. వేషము మనిషిని దిగజార్చుటయే గాక పైకి లాగుటయు కలదని ఈ కథ భావము. సూది పట్టని యువకుడు కంబళికోటు కుట్టబూని, ఉన్ని పోగు ఎట్లు పట్టునో, చలిలో ఒక వస్త్రమెంత విలువైనదో నేర్చుకొనవచ్చును. ఆ వేషము ఎవరి నేలమీద నడచినదో విచారించినచో చరిత్రయు తెలియును. అట్టి ఆట ఆట మాత్రమే కాదు; అది చదువు.

ఆ ఇంటి తగవునకు తీర్పు ఇట్లుండుట న్యాయము. ఆమె చేతిపనిలో మిగిలినది ఆ కోటొక్కటియే గనుక బట్టకు కత్తెర తగులరాదు. కాలరును కుట్టు విప్పి తీసి భద్రపరచవచ్చును. తలముసుగును, కుచ్చులను వేరొక చినిగిన కంబళి నుండి కత్తిరించి, మరల విప్పుటకు వీలగునట్లు చేతికుట్టుతో చేర్చవచ్చును. గుండీలను ఒక సంచిలో వేసి కోటుతోనే ఉంచవలెను. పురుగు కొట్టినచోట లోపలి నుండి అతుకు వేయవలెను. అస్తరు లోపల ఒక గుడ్డపట్టీపై తాత కోటు, అమ్మమ్మ కుట్టు, మనుమని మార్పు, వాని సంవత్సరములు వ్రాసి కుట్టవలెను. లేనిచో రేపు ఎవరో దానిని నూటయెనుబదియేండ్ల నాటిదని నమ్మి మోసపోవుదురు. శిబిరమున ఎవరడిగినను, ఇది వేటగాని కోటు కాదు, అమ్మమ్మ కోటని చెప్పవలెను. ఇవి చేయుటకు ఓపిక లేనివాడు ఆ కోటును తాకకుండుటయే మేలు; కొత్త కంబళి కొనుక్కొనుటలో తప్పులేదు.

అప్పుడు తల్లికి మిగులు బాధ యేమైన నున్నచో, అది ధర్మముతో తీరునది కాదు, కాలముతో తీరునది. ఆ మొదటి కుట్టును విప్పుటకు సూది పట్టవలసినది గూడ ఆమెయే. ఏ ముడి ఎక్కడ వేయబడెనో ఆ ఇంటిలో చూచినది ఆమె యొక్కతెయే. తల్లి విప్పుచుండగా కుమారుడు ప్రక్కన కూర్చుండి నేర్చుకొన్నచో, దీపము దగ్గర ఆగిపోయిన కాయకము మరల సాగినట్లే. వస్త్రము ఎన్నటికైనను చినుగును. కుట్టు నేర్పిన చేయి, దానిని జ్ఞప్తియందుంచుకొను కృతజ్ఞత మాత్రము ఒకరి నుండి ఒకరికి సాగిపోవలసిన సొత్తు.